కొసరు పిచ్చుకకూ లెక్కుంది

(మన సహవాసం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పక్షుల గురించిన సమాచారాన్ని ఎలా సేకరించాలి, ఎలా వాడాలి అన్న అంశం మీద మాట్లాడమని మమ్మల్ని అడిగారు. ఈ మాట బయటికి రాగానే కొందరు పెద్దలు, "అయ్యగారూ, భూముల సమస్య ఉంది, కూలీ సమస్య ఉంది, కుల ధ్రువపత్రాల సమస్య ఉంది, తెలుగు బడులు మూతపడుతున్నాయి. ఇవన్నీ వదిలిపెట్టి పిట్టల లెక్కలా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ సమస్యల్ని వదిలిపెట్టి ఈ మాట చెప్పడం లేదు. వాటి గురించి చెప్పడానికే ఈ దారిన వస్తున్నాం.

ముందుగా వాక్యం చూద్దాం. పిచ్చుకల ధర గురించి యేసు ప్రభువు రెండు చోట్ల మాట్లాడతాడు. మత్తయి 10వ అధ్యాయంలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. లూకా 12వ అధ్యాయంలో రెండు కాసులకు అయిదు పిచ్చుకలు. లెక్క ప్రకారం రెండు కాసులకు నాలుగే రావాలి. అయిదోది కొసరు. సంతలో కూరగాయలు కొన్నప్పుడు గుప్పెడు కరివేపాకు పడేస్తారే, అలాంటిది. దానికి ధర లేదు. అమ్మేవాడి లెక్కలోనూ లేదు, కొనేవాడి లెక్కలోనూ లేదు. దేవుడు మాత్రం దాన్నీ మరువడని ప్రభువు చెప్పాడు. ఆ మాట చెప్పింది కూడా భయంలో ఉన్న పేదవాళ్ళతో. కొసరుగా బతికే మనుషులకు కొసరు పిచ్చుకను చూపించి ధైర్యం చెప్పాడు.

అయితే బైబిలులో అన్ని లెక్కలూ మంచివి కావు. రెండవ సమూయేలు 24లో దావీదు జనాభా లెక్క చేయించాడు. యోవాబు వద్దన్నా వినలేదు. తొమ్మిది నెలల ఇరవై రోజులు తిరిగి తెచ్చిన లెక్కలో ఉన్నది కత్తి దూయగలవారి సంఖ్యే. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు అందులో లేరు. ఆ లెక్క తెగులు తెచ్చింది. లూకా 15లో మరో లెక్క ఉంది. కాపరి సాయంత్రం మందను లెక్కపెట్టుకుంటాడు. వందకు ఒకటి తక్కువైతే వెతకడానికి బయలుదేరతాడు. రాజు తన బలమెంతో తెలుసుకోవడానికి లెక్కించాడు, కాపరి తప్పిపోయిందెవరో తెలుసుకోవడానికి లెక్కించాడు. పక్షుల లెక్కల విషయంలో మన దేశం ఈ రెండూ చూసింది.

రాబందుల లెక్క చెప్పిన సంగతి

మన చిన్నతనంలో ఊరి బయట చచ్చిన గొడ్డు మీద రాబందుల గుంపు వాలేది. గంటలోపే ఎముకలు మిగిలేవి. ఇప్పటి మన పిల్లల్లో చాలామంది రాబందును బొమ్మలోనే చూశారు. అవి ఎక్కడికి పోయాయో, ఎందుకు పోయాయో చెప్పింది పక్షుల లెక్కే.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కేవలాదేవ్ జాతీయ వనం ఉంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ 1980లలో అక్కడ రాబందుల గూళ్ళు లెక్కపెట్టారు. అప్పుడు వందల జంటలు ఉండేవి కాబట్టి ఆ లెక్క ఎవరికీ ముఖ్యమనిపించలేదు. 1990ల్లో మళ్ళీ లెక్కించినప్పుడు గూళ్ళు ఖాళీగా కనిపించాయి. మెడలు వాల్చి కూర్చున్న పక్షులు, చెట్లకు వేలాడుతున్న కళేబరాలు కనిపించాయి. పాత లెక్క చేతిలో ఉంది కాబట్టే కొత్త లెక్కకు అర్థం వచ్చింది. ఆ పాత పుస్తకమే లేకపోతే "ఈ ఏడు కాస్త తగ్గినట్టున్నాయి" అనుకుని ఊరుకునేవాళ్ళం.

తరువాత దేశమంతా చూశారు. 1991 నుంచి 1993 వరకు ఏ రోడ్ల వెంట వాహనంలో వెళ్తూ రాబందుల్ని లెక్కపెట్టారో, 2000 నుంచి అవే రోడ్ల మీద మళ్ళీ లెక్కపెట్టారు. 2007 నాటికి తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయని తేలింది. వెయ్యి ఉన్న చోట ఒకటి మిగిలింది. మొదట అందరూ ఏదో వైరస్ అనుకున్నారు. 2004లో, పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనలో అసలు కారణం బయటపడింది. అది డైక్లోఫెనాక్. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే మందు. 1990ల్లో అది చవకగా దొరకడం మొదలైంది. మందు ఇచ్చిన కొద్ది రోజుల్లో పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయి చచ్చిపోయేది. 2006లో పశువైద్యంలో ఆ మందును మన ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసం తయారుచేసిన పెద్ద సీసాల్ని పశువులకు వాడుతున్నారని తెలిసి 2015లో వాటినీ ఆపింది. 2023లో పశువులకు వాడే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించింది. ఊహతో, బాధతో మాత్రమే వెళ్ళి ఉంటే ఏ మందుల కంపెనీ ఆగేది కాదు. లెక్క పట్టుకుని వెళ్ళారు కాబట్టి ఆగాల్సి వచ్చింది.

ఇక్కడితో ఆగితే అది పక్షి కథే అవుతుంది. రాబందులు పోయాక చచ్చిన గొడ్లు ఊరి బయట, కాలువల పక్కన కుళ్ళాయి. ఊరకుక్కలు పెరిగాయి. నీళ్ళు పాడయ్యాయి. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకప్పుడు రాబందులు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో, అవి పోయాక మనుషుల మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగిందని వాళ్ళ అంచనా. 2000 నుంచి 2005 వరకు అయిదేళ్ళలో దాదాపు 5 లక్షల అదనపు మరణాలు.

ఊరి బయట ఉండేది ఎవరు? ఆ కాలువ నీళ్ళు వాడేది ఎవరు? చచ్చిన గొడ్డును ఎత్తి, తోలు తీసే పని తరతరాలుగా ఎవరి నెత్తిన పెట్టారు? ఈ ప్రశ్నలకు ఈ సభలో జవాబు చెప్పనక్కరలేదు. మన తాతల చేతులకు ఆ వాసన తెలుసు. రాబందు చేసే పని ఆగిపోయినప్పుడు ఆ బరువు కూడా మాదిగవాడల మీదే, చమార్ బస్తీల మీదే పడింది. గూళ్ళు ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్క ఉంది. ఆ కుళ్ళును ఎత్తిన చేతులు ఎన్నో ఎవరూ ఆ పట్టికలో పక్క గడి గీసి రాయలేదు. రెండో లెక్క రాయించడం మనలాంటివాళ్ళ బాధ్యత. మొదటి లెక్క లేకపోతే రెండోది అడగడానికి ఆధారమే ఉండేది కాదు.

మనిషిని మరచిన గీత

రాజుగారి లెక్కకు ఉదాహరణ షోలాపూర్‌లో ఉంది. అక్కడి మన పద్మశాలి కుటుంబాలవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాం. మనం బట్టమేక పిట్ట అని పిలిచే పెద్ద పక్షి ఆ గడ్డి నేలల్లో ఉండేది. దాన్ని కాపాడడానికి 1979లో షోలాపూర్, అహ్మద్‌నగర్ జిల్లాల్లో 8,496 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ గీత లోపల ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి, పట్టణాలున్నాయి. భూమి అమ్ముకోవాలన్నా, ఇల్లు కట్టుకోవాలన్నా ఆంక్షలు. పక్షి ఉందన్న సమాచారం మ్యాపు మీదికి ఎక్కింది, మనిషి ఉన్నాడన్న సమాచారం ఎక్కలేదు. చివరికి రైతుకు ఆ పక్షి మీద కోపం వచ్చింది. తరువాత అభయారణ్యాన్ని 1,222 చదరపు కిలోమీటర్లకు తగ్గించారు. అప్పటికే బట్టమేక పిట్ట అక్కడ దాదాపు కనుమరుగైంది. గడ్డి నేలలు తగ్గడం, వేట, విద్యుత్ తీగలు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. ఈ రోజు దేశం మొత్తం మీద 150 లోపే ఉన్నాయని అంచనా. మనిషిని పక్కకు నెట్టిన లెక్క పక్షినీ నిలబెట్టలేకపోయింది.

వేటగాడే లెక్కగాడైన చోటు

ఇప్పుడు చిలికా సరస్సుకు వద్దాం. ఒడియావారు నోలియాలు అని పిలిచే మన తెలుగు జాలర్లు ఆ సరస్సు సముద్రంలో కలిసే వైపున, గంజాం, పూరీ తీరాల్లో తరాలుగా ఉన్నారు. శీతాకాలంలో ఉత్తరాది నుంచి, మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి పక్షులు అక్కడికి వస్తాయి. ఏటా జనవరిలో అటవీ శాఖవారు, శాస్త్రవేత్తలు, స్వచ్ఛంద కార్యకర్తలు జట్లుగా పడవల్లో వెళ్ళి లెక్కిస్తారు. ఈ మధ్య ఏళ్ళలో 10 లక్షలకు పైగా పక్షులు లెక్కకు వస్తున్నాయి.

సరస్సు ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు అది పక్షుల వేటకు పేరుమోసిన ఊరు. ఏ పిట్ట ఏ వేళ ఏ మడుగులో దిగుతుందో ఆ వేటగాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 2000 సంవత్సరం ప్రాంతంలో ఆ వేటగాళ్ళే పక్షుల రక్షణ సమితి పెట్టుకున్నారు. కాపలా కాస్తారు, పడవల్లో సందర్శకులను తిప్పి చూపిస్తారు. వాళ్ళను జైళ్ళలో పెట్టి ఊరుకుని ఉంటే ఆ జ్ఞానం జైళ్ళలోనే పోయేది.

మన కడప జిల్లాలోనూ ఇలాగే జరిగింది. 1900 తరువాత ఎవరికీ కనబడని కలివికోడి 1986 జనవరిలో మళ్ళీ దొరికిందంటే, దాన్ని గుర్తుపట్టి రాత్రివేళ పట్టి తెచ్చింది ఒక స్థానిక పిట్టల వేటగాడే. ఆ తరువాత దానికోసమే లంకమల అడవి అభయారణ్యమైంది, తెలుగుగంగ కాలువ దారి మార్చుకుంది. శాస్త్రానికి తెలియని సంగతి చదువురాని మనిషికి తెలిసి ఉండవచ్చు. సమాచార సేకరణ అంటే ముందు అతని దగ్గర కూర్చోవడం.

అయితే పక్షులు బాగుంటే జాలరి బాగున్నట్టేనని అనుకోకూడదు. చిలికాలో ఒండ్రు పేరుకుపోయి, ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేపలు పడిపోయినప్పుడు 1993లో ఆ సరస్సును ప్రమాదంలో ఉన్న అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో పెట్టారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. నీళ్ళు మారాయి, చేపల రాబడి పెరిగింది, 2002లో ఆ జాబితా నుంచి సరస్సు బయటికి వచ్చింది. ఇది నిజమైన విజయం. కానీ అదే కాలంలో డబ్బున్నవాళ్ళ రొయ్యల కట్టలు జాలర్ల నీళ్ళను ఆక్రమించాయి. చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు అలాంటి రొయ్యల చెరువులు ఉండకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా కట్టలు పోలేదని జాలర్లు ఉద్యమించారు. 1999 మేలో సొరాన గ్రామంలో పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. కాబట్టి పక్షుల లెక్క పక్కనే జాలరి వల లెక్క కూడా ఉండాలి. ఒకటి చూపించి రెండోది దాచకూడదు.

సత్యం పలకడం

లెక్క మన ఇష్టానికి తగ్గట్టు పలకదు. అందుకే అది సాక్ష్యం. సెల్ టవర్ల వల్ల దేశంలో పిచ్చుకలు అంతరించిపోయాయని సభల్లో తరచూ వింటాం. 2023లో వచ్చిన "భారత పక్షుల స్థితి" నివేదిక చూడండి. ముప్పై వేలకు పైగా పక్షి పరిశీలకులు నమోదుచేసిన దాదాపు 3 కోట్ల పరిశీలనల మీద ఆధారపడిన నివేదిక అది. పెద్ద నగరాల్లో తగ్గినా, దేశం మొత్తం మీద పిచ్చుక నిలకడగానే ఉందని అది చెబుతుంది. అదే నివేదికలో మనం ఊహించని కబురు మరొకటి ఉంది. దసరానాడు చూస్తే శుభమని మనవాళ్ళు వెతికే పాలపిట్ట గత పన్నెండేళ్ళలో సుమారు 30 శాతం తగ్గింది. కర్ణాటకకు, ఒడిశాకు, తెలంగాణకు అది రాష్ట్ర పక్షి. దీర్ఘకాల ధోరణి తెలిసిన 338 జాతుల్లో 204 తగ్గుముఖంలో ఉన్నాయి. మనం పిచ్చుక కోసం ఏడుస్తున్నాం, తగ్గిపోతున్న పాలపిట్ట వైపు చూడడం లేదు. లెక్క లేని జాలి దారి తప్పుతుంది.

క్రైస్తవులుగా మనకు ఒక పాత ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలో క్రిస్మస్ నాడు తుపాకులతో బయలుదేరి, ఎవరు ఎక్కువ పక్షుల్ని, జంతువుల్ని చంపితే వాళ్ళు గెలిచినట్టనే పోటీ ఉండేది. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిశాస్త్రవేత్త, ఈసారి చంపకుండా లెక్కపెడదాం అన్నాడు. ఆ క్రిస్మస్‌కు 27 మంది కదిలారు. ఆ లెక్క ఇంకా నడుస్తోంది. మన ప్రాంతాల్లో 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. తమిళనాట పొంగల్ రోజుల్లో, దేశమంతా ఫిబ్రవరిలో నాలుగు రోజులు, ఎవరైనా పాల్గొనగల గణనలున్నాయి.

మన సంఘాలు చేయగలిగింది

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పావుగంట చాలు. మందిరం ఆవరణలోనో, చెరువు గట్టుమీదో యౌవనస్థులు ఇద్దరు ముగ్గురు నిలబడి, కనిపించిన పక్షులన్నింటినీ రాయాలి. అరుదైనదాన్ని మాత్రమే రాసి కాకిని, గోరింకను వదిలేయకూడదు. తేదీ, చోటు, మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు చూశారు, ఎంతమంది చూశారు, ఇవి తప్పకుండా ఉండాలి. పెద్ద గుంపైతే ముందు పది పక్షుల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో చూసి మిగతాది అంచనా కట్టాలి. పేరు తెలియకపోతే తెలియదని రాయాలి. ఏమీ కనబడని రోజు "ఏమీ కనబడలేదు" అని రాయాలి. రాబందుల విషయంలో అందరి కళ్ళు తెరిపించింది ఖాళీ గూళ్ళ లెక్కే. పెంచి రాయడం అబద్ధ సాక్ష్యం. అది పదాజ్ఞలకు విరుద్ధమని వేరే చెప్పనక్కరలేదు.

పక్కనే తెలుగు పేరు రాయండి. లకుముకి పిట్ట, జెముడుకాకి, నీటికాకి, ఇంకా మీ అమ్మమ్మ ఏ పేరుతో పిలిచేదో ఆ పేరు. కోలారులో ఒకటి అంటారు, బరంపురంలో ఇంకొకటి అంటారు. రెండూ రాయండి. ఊరు వదిలి వచ్చిన తరాల భాష ఈ పేర్లలో మిగిలి ఉంది. అవి కూడా తగ్గిపోతున్న జాతులే.

కొన్ని చోట్ల నోరు కట్టుకోవాలి. గుడ్లగూబ గూడు, అరుదైన పక్షి గూడు ఎక్కడుందో ఫోన్లలో పంచకండి. దీపావళి ముందు గుడ్లగూబల కోసం తిరిగేవాళ్ళున్నారు. ఈబర్డ్ వేదిక కూడా ప్రమాదంలో ఉన్న జాతుల చోటును దాచిపెడుతుంది. ద్వితీయోపదేశకాండం 22లో పిల్లల మీద ఉన్న తల్లిపక్షిని పట్టుకోవద్దని ధర్మశాస్త్రం చెప్పింది. ఈ కాలంలో ఆ ఆజ్ఞ పాటించడమంటే ఆ తల్లి చిరునామా బయటపెట్టకపోవడం.

ఆ లెక్కను పుస్తకంలోనే ఉంచకండి. ఏడాదికొకసారి పంచాయతీకి, బడికి, అటవీ శాఖకు ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. 20 వేలకు మించి నీటిపక్షులు క్రమంగా వచ్చే చోటుకు అంతర్జాతీయ గుర్తింపు పొందే అర్హత వస్తుంది. అంత పెద్దది కాకపోయినా, రేపు మీ చెరువును పూడ్చడానికి, మడ అడవిని నరకడానికి ఎవరైనా వస్తే, "ఇక్కడ ఏమీ లేదు" అని రాసిన కాగితానికి ఎదురుగా పెట్టడానికి అయిదేళ్ళ ఆదివారాల లెక్క మీ చేతిలో ఉంటుంది. గోదావరి ముఖద్వారంలో, కోరింగ మడ అడవుల పక్కన ఉన్న యానాం సోదరులు దీన్ని ప్రత్యేకంగా ఆలోచించాలి. ఆ లెక్క ఇచ్చేటప్పుడు ఆ చెరువు మీద, ఆ అడవి మీద బతికే కుటుంబాలు ఎన్ని, వాళ్ళ వలలెన్ని, పడవలెన్ని అన్నది కూడా జత చేయండి. లేకపోతే మన లెక్క కూడా షోలాపూర్ గీత అవుతుంది.

చివరగా, మొదట పెద్దలు అడిగిన ప్రశ్నకు వస్తాం. లెక్కలోకి రాకపోవడం అంటే ఏమిటో మనకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల, దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డ్ కులాల లెక్కలోంచి పోతాడు. వివక్ష మాత్రం అతన్ని వదలదు. తెలుగు బడి మూసేటప్పుడు అధికారి అడిగే మొదటి మాట "పిల్లలెంతమంది?" అనే. సంఖ్యాకాండంలో గోత్రాలవారీగా లెక్క అయి, ఆ లెక్క ప్రకారం భూమి పంచాలని తేల్చినప్పుడు, సెలోపెహాదు అయిదుగురు కూతుళ్ళు మోషే ముందుకు వచ్చి మా వాటా ఏదని అడిగారు. ఆ లెక్కలో వాళ్ళకు చోటు లేదు. వాళ్ళు లెక్క వద్దనలేదు, లెక్కను సరిచేయమన్నారు. దేవుడు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పాడు.

మన పిల్లలు పిట్టల్ని నిజాయితీగా లెక్కపెట్టడం నేర్చుకుంటే, సంఖ్య ఎలా తయారవుతుందో, అందులో ఎవరు తప్పిపోతారో వాళ్ళకు తెలుస్తుంది. ఆ తరువాత మనుషుల లెక్కలో తప్పు జరిగినప్పుడు వాళ్ళను ఎవరూ మభ్యపెట్టలేరు. వచ్చే జనవరికి ఇక్కడున్న ప్రతి సంఘం ఒక పుస్తకం, ఇద్దరు యౌవనస్థులు, ఒక చెరువు ఎంచుకోవాలని మా మనవి. ఆ ఊళ్ళో పిట్టల్ని బాగా ఎరిగిన జాలరినో, గొర్రెల కాపరినో, పాత వేటగాడినో మొదటిరోజే పిలిచి ముందు నిలబెట్టండి. పుస్తకంలో మొదటి పేరు ఆయనది రాయండి.

తప్పిపోయినదాని కోసం లెక్కించే కాపరి మనసు ప్రభువు మనకందరికీ ఇచ్చును గాక.